తిరిగి తట్టినవాళ్ళకి పుస్తకం లేదు

మనీలా పత్రికల్లో అప్పుడప్పుడూ ఒక వార్త వేస్తారు. దయ్యాల కథలు రాసేవాళ్ళు, హత్యల కథలు రాసేవాళ్ళు ఇప్పుడేం రాస్తున్నారు, ఎవరి పుస్తకం ఎప్పుడొస్తుంది అని. మా కొన్సింగ్ పేరు అందులో ఏనాడూ లేదు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. అందుకే ఆ వార్తేదో నేనే చెబుతాను, వినండి.

కొన్సింగ్ మా రోహాస్ ఊరి చేపల బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. పక్క బల్ల మీద రొయ్యలు నావి. బేరం లేనప్పుడల్లా ఫోను మీద బొటనవేళ్ళతో టకటకా కొట్టి ఇప్పటికి మూడు దయ్యాల నవలలు రాసింది. మూడూ మనీలాలో ఒకాయన అచ్చువేశాడు.

"మనాంగ్, ఈ కంపులో కూర్చుంటే ఆ రక్తాలు తాగే కథలు ఎలా తడతాయి నీకు?" అని అడిగానొకసారి. మనాంగ్ అంటే మా భాషలో అక్క.

"రోజూ నీ మొహం చూస్తున్నాగా" అంది.

మా కాపిజ్ జిల్లా అంటే దేశమంతటికీ ఆస్వాంగ్‌ల చోటు. పగలు మామూలు మనిషి, రాత్రయితే రెక్కలొచ్చి గర్భిణుల నెత్తురు తాగుతుందట. ఆస్వాంగేమోనని అనుమానమున్న మనిషి మన భుజం తడితే వెంటనే తిరిగి తట్టాలి, లేకపోతే ఆ చెడు మనకంటుకుంటుందని నమ్మకం. కొన్సింగ్‌ని పెంచిన అమ్మమ్మ బినింగ్, చేపలకి పొగపెట్టీ పెట్టీ కళ్ళెర్రబడిన ముసలిది. మేం టియా, అంటే అత్తా అని పిలిచే ఎదురింటి పాసింగ్‌కి కడుపు పోయినప్పుడు, ఆ ఎర్రకళ్ళే కారణమని ఆవిడ వచ్చి బినింగ్ గుమ్మంలో దయ్యాలకి పడని ఉప్పు చల్లింది. అంతే, బినింగ్ దగ్గర చేప కొన్నవాడు లేడు. మనవరాలు ఆటల్లో ఎవరి భుజం మీద చెయ్యేసినా పిల్లలు ఠక్కున తిరిగి తట్టేవాళ్ళు. అప్పట్నుంచీ కొన్సింగ్ ఎవర్నీ ముట్టుకోదు. చిల్లర కూడా చేతికివ్వదు, బల్ల మీద పెడుతుంది.

నాలుగో నవల ఆ అమ్మమ్మ గురించే. కథలో ఆమె నిజంగానే ఆస్వాంగ్. రెక్కలున్నాయి, ఆకలుంది, కానీ ఊళ్ళోవాళ్ళ జోలికి పోదు. ఊరు తరిమినా కదలదు. అక్కడే ఉండి ముసలిదవుతుంది. అది చదివి మనీలా ఆయన ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"చివర్లో ముసలిది చావాలమ్మా. ఉప్పు చల్లి చంపించండి. జనం డబ్బులిచ్చేదే అందుకు."

"మా అమ్మమ్మ ఒకసారి చచ్చిపోయింది సార్, చాలు. రెండోసారి నేను చంపను."

"అయితే మేం వెయ్యలేం."

"మానెయ్యండి" అని పెట్టేసింది.

నేనాగలేకపోయాను. "ఒక్క పేజీయే కదా మనాంగ్, మార్చెయ్యకూడదూ? ఆ వార్తల్లో నీ పేరూ పడును."

"మీ అమ్మమ్మనైతే ఎన్ని పేజీల్లో చంపుతావే ఇందాయ్?" అంది.

ఆ వారమే జిరాక్సులు తీయించి, పిన్నులు కొట్టి, ఎండుచేపల పక్కన దొంతర పెట్టింది. పైన అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: "కొన్నవాళ్ళ భుజం తడతాను. తిరిగి తట్టినవాళ్ళకి పుస్తకం లేదు."

బజారంతా నోరెళ్ళబెట్టింది. "కొన్సింగ్, ఊరి పరువు తీస్తున్నావ్!" అని మాంసం కొట్లోంచి ఎవరో అరిచారు. "మీరు తియ్యగా మిగిలింది ఏమైనా ఉంటేగా!" అని అంతకంటే గట్టిగా అరిచింది. ట్రైసికిల్ తోలే నోనోయ్ మీసం దువ్వుకుంటూ వచ్చాడు, "నాకు దయ్యమా, భయమా" అంటూ. ఆమె తట్టిందో లేదో వాడి చెయ్యి లేచింది. పుస్తకం వెనక్కి, డబ్బు వాడి జేబులోకి. నవ్వలేక చచ్చాం. పడుచుపిల్లలు మాత్రం తట్టించుకుని, చేతులు జేబుల్లో కుక్కుకుని, పుస్తకాలు పట్టుకుపోయారు.

సాయంత్రం బల్లలు కడుగుతుంటే టియా పాసింగ్ వచ్చింది. నడుం వంగిపోయింది పాపం.

"చివర్లో మీ అమ్మమ్మ చస్తుందా?"

"లేదు టియా. మీ ఎదురింట్లోనే ఉంటుంది."

ముసలావిడ డబ్బు తీసి బల్ల మీద పెట్టింది. కొన్సింగ్ తడి చెయ్యి తుడుచుకుంది. తట్టింది. టియా పాసింగ్ చెయ్యి చటుక్కున లేచి తిరిగి తట్టేసింది.

ఎవరమూ నవ్వలేదు.

"అలవాటమ్మా... చెయ్యి దానంతటదే లేచిపోయింది" అంది టియా, ఏడుపు గొంతుతో.

"ఆ చెయ్యి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు టియా" అని కొన్సింగ్ డబ్బు వెనక్కి తోసింది. "పుస్తకం మాత్రం ఇవ్వను. ఇంటికెళ్ళండి."

ముసలిదాని మీద అంత పంతమా అని నాక్కూడా అనిపించింది. కానీ ఆ ఉప్పు చల్లిననాడు ఇదే బజారులో ఎవరికైనా జాలేసిందా?

మర్నాడు పొద్దున్న నేను రొయ్యల బుట్ట దించేసరికి కొన్సింగ్ బల్ల ముందు టియా పాసింగ్ నిలబడి ఉంది, అందరికంటే ముందు. డబ్బు పళ్ళమధ్య కరుచుకుని, రెండు చేతులూ వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని.