రిజిస్టరులో ఊదారంగు సంతకం

ఆబిడ్స్ బజారు మొత్తంలో చనిపోయిన మనిషి పేరును బేరమాడి కొన్నవాణ్ని నేనొక్కణ్నే. అది కూడా చెప్పిన ధరలో సగానికి. ఆ సాయంత్రం మా గొడుగుల దుకాణంలో కూర్చుని ఈ ఘనకార్యాన్ని ముగ్గురికి చెప్పుకుని మురిసిపోయాను కూడా.

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నాన్న గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని. చేత్తో పట్టి చూడలేని సరుకు మా ఇంట్లో చెల్లుబాటు అయ్యేది కాదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. కోపంగా ఉందని మాత్రం చెప్తాను. ఇన్నేళ్లయినా అది తగ్గలేదు.

అవి అరవైల చివరి రోజులు. ఊరికి మంచినీళ్లిచ్చే ఒక రిజర్వాయరులో గాలం వేయడానికి కొద్దిమందికే పాసులుండేవి. తాగే నీళ్లు కాబట్టి గేటు, చౌకీదారు, రిజిస్టరు అన్నీ ఉండేవి. పట్టిన చేపను మళ్లీ నీళ్లలోనే వదలాలి, ఇంటికి తేకూడదు. సరుకు ఏరుకుని, చేతిలోకి తీసుకుని, తిరిగి దుకాణదారుకే ఇచ్చి సంతోషంగా ఇంటికి పోయే గిరాకీని నేనెక్కడా చూడలేదు. కానీ ఆ గట్టు మీద కూర్చునేది పెద్ద ఆఫీసర్లు. వాళ్ల పక్కన నాలుగు ఆదివారాలు కూర్చుంటే నాలుగు ఆఫీసులకు రెయిన్‌కోట్లు అమ్మొచ్చని నా ఎత్తు.

నాంపల్లి స్టేషన్ వెనక ఉండే సామ్యూల్ అనే డ్రాయింగ్ మాస్టారుకు అలాంటి పాసు ఉండేది. ఆయన పోయిన నాలుగు నెలలకు, ఆయన గాలం కర్రను భార్య మేరమ్మ అమ్ముతోందని తెలిసి వెళ్లాను. ముప్పై ఆరు రూపాయలు చెప్పింది.

"కర్ర ఇస్త సేటూ. పాసు కార్డు మాత్రం ఆఫీసుల వాపసియ్యాలె. దాని మీద ఆయన పేరున్నది."

"కార్డు లేని కర్ర బట్టలారేసుకోను కూడా పనికిరాదమ్మా. రెండూ కలిపి పద్దెనిమిది" అని లేచి చెప్పులు వేసుకున్నాను. లేచి చెప్పులు వేసుకోవడం మా వంశంలో వచ్చిన విద్య. గడప దాటేలోపే వెనక్కి పిలుస్తారు. ఆమె నేను గల్లీలోకి వచ్చాక పిలిచింది. కిరాయికి ఇంటాయన రెండుసార్లు వచ్చి పోయాడట.

"ఆయన ఒక్క చేపను గూడ ఇంటికి తేలే. దానికి నొప్పి కావద్దని గాలం ముల్లు ఆకురాయితోని అరగదీసిండు. నువ్వు గూడ ఇడిసిపెట్టు."

సరేనన్నాను. మాటదేముంది, ఖర్చు లేనిది.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామున బస్సెక్కాను. గేటు దగ్గర చౌకీదారు యాదగిరి. చదువు రాదు. కార్డు రంగు చూసి లోపలికి వదులుతాడు. వచ్చినవాళ్లే రిజిస్టరులో పేరూ టైమూ రాసి, పోయేటప్పుడు మళ్లీ సంతకం పెట్టాలి. నేను రిజిస్టరు తెరిచాను. ఆ రోజు మొదటి వరసలోనే ఉంది: సామ్యూల్, ఆరు గంటలు.

"ఆరింటికి వచ్చిందెవడు?" అన్నాను.

"గదేంది సేట్, డ్రాయింగు మాస్టారు గద. మస్తు దినాలకు వచ్చిండు. జర బక్కగయిండు పాపం. పలకరిస్తే మాట్లాడలే."

దారంతో కట్టిన సిరా కలం పక్కనే ఉంది. ఆ సంతకం మాత్రం సిరాది కాదు, నాలుకతో తడిపి రాసే కాపీయింగ్ పెన్సిలుది. ఊదారంగు ఇంకా ఆరలేదు. నా బొటనవేలికి అంటుకుంది.

నాకు వణుకు పుట్టలేదు, ఒళ్లు మండింది. ఆ ముసలమ్మ ఒకే కార్డును ఇద్దరికి అమ్మిందనుకున్నాను. నన్ను, ఆబిడ్స్‌వాణ్ని, మోసం చేసిందా అని పళ్లు నూరాను. మాస్టారు చనిపోయాడని యాదగిరికి చెప్పొచ్చు. చెబితే నా కార్డు పోతుంది. అందుకని ఆ పేరు కిందే అదే పేరు రాసి లోపలికి పోయాను. పోతూ పోతూ, ఆబిడ్స్‌లో నా దుకాణానికి వస్తే నీకు గొడుగు సగం ధరకే ఇస్తానని యాదగిరికి గొప్పలు కూడా పోయాను.

గట్టు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాను. పట్టపగలు, మంచి ఎండ. నా తర్వాత వచ్చిన ఆఫీసర్లు ఇద్దరున్నారు. మూడోవాడు లేడు. దొంగను పట్టుకుందామని మధ్యాహ్నందాకా చూశాను. ఒక రోహు చేప పడింది. దాన్ని తువాలులో చుట్టి దాచుకుందామని చెయ్యి చాపేలోపే, ముల్లు లేని గాలం నుంచి జారి నీళ్లలో పడింది. బయటికి వస్తూ నా వరసలో సంతకం పెట్టాను. పై వరసలో బయటికి పోయిన సంతకం గడి ఖాళీగానే ఉంది.

నేరుగా నాంపల్లి వెళ్లి, గల్లీ అంతా వినేలా మేరమ్మను తిట్టాను. ఆమె ఊదారంగు అంటిన నా బొటనవేలు చూసి, పట్టుకుని వాసన చూసింది.

"గా పెన్సిలు ఆయన అంగీ జేబుల పెట్టే మట్టి చేసినం సేటూ" అంది.

ఆ సాయంత్రం గేటు మూసే వేళకు లోపలికి పోయినవాళ్లకూ బయటికి వచ్చినవాళ్లకూ ఒక మనిషి తేడా వచ్చింది. ఊరంతా తాగే నీళ్లు. మునిగాడేమోనని రెండు రోజులు పడవలు వేసి వెతికారు, ఏమీ దొరకలేదు. తర్వాత ఆ పేరుగల మనిషి నాలుగు నెలల కిందే చనిపోయాడని తెలిసింది. చౌకీదారు లంచం తిని దొంగ పేర్లతో మనుషుల్ని పంపుతున్నాడని తేల్చారు.

యాదగిరి ఆబిడ్స్ వచ్చాడు. దుకాణం మెట్టు ఎక్కకుండా కిందే నిలబడ్డాడు.

"మాస్టారింటి అమ్మను ఆఫీసుకు పిలిపించిన్రు సేట్. పై సంతకం ఆయనదే అన్నది. కిందిది ఎవలదో ఎరుక లేదన్నది. మీ పేరు చెప్పలే. మీరే వచ్చి ఒక్క మాట చెప్పున్రి, కిందిది నాదని. రెండింట్ల ఒకటన్న సాఫయితది. ముగ్గురు పిల్లలున్నరు."

దుకాణంలో గిరాకీ ఉంది. వాళ్ల ముందు నేనన్నాను: "ఎవరయ్యా నువ్వు? నేనెప్పుడూ అటువైపు రాలేదే."

"ఔ సేట్. మీరు రాలే" అని అతను వెళ్లిపోయాడు. నౌకరీ పోయింది. ఆ తర్వాత ఎక్కడున్నాడో విచారించాను, తెలియలేదు. ఆలస్యంగా విచారించాను, అదీ చెప్పాలి.

వారానికి మేరమ్మ వచ్చింది. గల్లాపెట్టె మీద పద్దెనిమిది రూపాయలు పెట్టి, కర్రా కార్డూ అడిగింది. తెచ్చి ఇచ్చాను. ఆ ఒక్కరోజు నేను బేరమాడలేదు.

ఎవరో ఆటపట్టించారని నా బేరం కథ విన్న ఆ ముగ్గురూ తేల్చేశారు. అయితే చనిపోయిన మనిషి సంతకం, ఆయన భార్య గుర్తుపట్టేలా, ఆరని తడితో పెట్టగలిగినవాడు ఎవడు? బక్కగయ్యాడని యాదగిరి చూసింది ఎవర్ని? ఆ మాస్టారు మీద నాకున్న కోపమల్లా ఒక్కటే. వచ్చినవాడు పోయేటప్పుడు కూడా సంతకం పెట్టి ఉంటే, నేను ఎలాంటివాణ్నో నాకు తెలిసే అవసరం వచ్చేది కాదు.

బిల్లు ఇది. కర్రా కార్డూ పద్దెనిమిది రూపాయలు, తిరిగి వచ్చాయి. పాడైన తువాలు లేదు, చేప అందులోకి రానే లేదు. నాకైన ఖర్చు రానూ పోనూ బస్సు చార్జీ. మిగతాదంతా యాదగిరి కట్టాడు.