మసీదు తలుపు దగ్గర మా ఖాలా

నా రాత వంకరగా ఉంటుంది, అక్షరాల్లో తప్పులుంటాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించి చదవండి. మా ఖాలా ఈ మంగళవారం పొద్దున చనిపోయింది. మా అత్తకు అక్క ఆమె. మా ఆయనకు, నాకు, ఇబ్రహీంపట్నంలో మా వాడ మొత్తానికి ఖాలాయే. ఆ రోజు నుంచి నేను ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. బియ్యం కడుగుతూ మధ్యలో లేచి వాకిట్లోకి వచ్చి నిలబడుతున్నాను. ఎందుకు లేచానో తెలుసు, అయినా మళ్లీ లోపలికి పోతున్నాను.

మా చిన్న మసీదులో ఆడవాళ్లకు పక్కన ఒక గది ఉంది. శుక్రవారం దాని తలుపు దగ్గర ఖాలా పీట వేసుకుని కూర్చునేది. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాళ్లు, మసీదు లోపల ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్లు, ఆదిభట్ల కంపెనీల్లో పనిచేసే అమ్మాయిలు, ఎవరైనా ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె పేరు అడిగేది కాదు, ఊరు అడిగేది కాదు. "ఎండల వడి వచ్చినవ్, జర నీళ్లు తాగు" అనేది. వాళ్లు లోపలికి వెళ్లాక వంగి, వాళ్ల చెప్పులను వీధి వైపుకు తిప్పి పెట్టేది. నడుము నొప్పితో మూలుగుతూ కూడా తిప్పేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"పోయే తొవ్వ కనవడాలె బిడ్డా. గప్పుడే మనిషి నిమ్మలంగ కూసుంటది."

ఒకసారి కలిమా చదివి కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన అమ్మాయి చుట్టూ మావాళ్లు చేరి, ఈ పేరు పెట్టుకో, ఆ పేరు పెట్టుకో అని మొదలుపెట్టారు. ఆ పిల్ల బిత్తరపోయింది. ఖాలా పీట మీది నుంచే కసిరింది. "ఏందే, మేకపిల్లను కొన్నరా పేరు వెట్టనీకి? వాళ్లమ్మ వెట్టిన పేరున్నది గద. మంచిగనే ఉన్నది, ఉండనియ్యుండ్రి." అందరికంటే ముందు ఆ పిల్లే నవ్వింది.

నేను పెళ్లై వచ్చిన కొత్తలో ఆ గదిలో గోడకు అతుక్కుని కూర్చునేదాన్ని. మనుషుల ముఖాలు చూడాలంటే నాకు సిగ్గు. "మా కోడలు మస్తు హుషారు, నేల మీద చీమలు లెక్కవెడ్తది" అని ఖాలా ఎగతాళి చేసేది. చేస్తూనే నీళ్ల గ్లాసులు నా చేతికే ఇచ్చి అందరి దగ్గరికీ పంపేది.

పోయిన శుక్రవారం ఆమెకు జ్వరం. మంచం మీద పడుకునే నన్ను పిలిచింది.

"ఇయ్యాల ఒకామె వస్తది. ముసల్మాన్ అయ్యి మూడు నెల్లాయెనట. ఇంట్ల ఒక్కతే నమాజ్ చదువుకుంటదట. నలుగుర్ల నిలవడి చదవాల్నని ఆశ. బుగులువడ్తది, చెయ్యి వట్టి లోపటికి తోల్కపో."

"పేరేంది ఖాలా?"

"నేనడుగలే. నువ్వు జూస్తే ఎరుకైతది."

మా మసీదు మెట్ల దగ్గర, నమాజు ముగిసే వేళకు పిల్లల్ని తీసుకుని తల్లులు నిలబడతారు. ఎక్కువమంది హిందువులే. బయటికి వచ్చే మగవాళ్లు దువా చదివి, జ్వరమొచ్చిన పిల్లల మీద ఊదుతారు. ఆ రోజు నమాజుకు ముందు నేను తలుపు దగ్గర ఉన్నాను. ఒకామె వచ్చి నా ముందు ఆగింది. నేను ఎప్పటిలాగే కిందికి చూశాను. పచ్చ చీర అంచు, కాళ్లకు మెట్టెలు, పక్కన ఒక చిన్న పాప పాదాలు. హిందువులామె, పాపకు ఊదించుకోవడానికే వచ్చిందనుకున్నాను.

"అక్కా, గాడ మెట్ల కాడ నిలవడు. మొగోళ్లు బయటికొస్తరు" అన్నాను.

ఆమె పాదాలు వెనక్కి తిరిగాయి.

నమాజు అయ్యాక, మెట్ల దగ్గర బిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి నన్ను నిలదీసింది. "ఏమమ్మా, గామెనెందుకు ఎల్లగొట్టినవ్? నమాజ్ చదువనీకి వచ్చిందట. మాతోని జరసేపు ఎండల నిలవడ్డది, కండ్లల్ల నీళ్లు దీస్కుంట పోయింది."

ఐదు పూటలా నమాజు చదివే మా అమ్మ కూడా ఊళ్లో చీరే కడుతుంది. ఆ క్షణాన నాకది గుర్తు రాలేదు.

సాయంత్రం ఖాలా కళ్లు తెరిచింది. "వచ్చిందా?"

"వచ్చింది."

"నీ పక్కన నిలవడ్డదా?"

"ఆఁ, నిలవడ్డది."

ఆమె నా చెయ్యి నొక్కింది. "ఇగ నాకు ఫికర్ లేదు. నువ్వున్నవ్." నాలుగు రోజులకు పోయింది.

జనాజా లేచేటప్పుడు, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చినవాళ్లు ఎందరో ఏడ్చారు. నేను ఏడుస్తూనే పచ్చ చీర కోసం వెతికాను. నిన్న శుక్రవారం తలుపు నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి వీధి మలుపు దాకా తిరిగాను. ఆమె పేరు తెలియదు, ముఖం చూడలేదు. ఎదురుగా వచ్చినా గుర్తుపట్టలేను. అందుకని వచ్చిన ప్రతి ఒక్కరి ముఖంలోకీ చూసి, "అక్కా, లోపటికొస్తవా?" అని అడిగాను. ఒకామె నవ్వింది. "నేను రాను బిడ్డా, మా పోరనికి ఊదిపిస్తే సాలు."

ఇది చదివాక కాల్చేయండి. నేను ఖాలాతో అబద్ధం చెప్పానని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కాల్చే ముందు మాత్రం, మసీదు దాకా వచ్చి తిరిగిపోయిన ఆమె మీ వాడలో ఉంటే ఒక్క మాట చెప్పండి. వచ్చే శుక్రవారం, అజాన్ కంటే ముందే, ఎండలో, మెట్ల కింద, వచ్చే పోయే ముఖాలన్నీ తలెత్తి చూస్తూ ఒకతె నిలబడి ఉంటుంది.