నాది కాని నీలం

మొన్న మద్దిలపాలెంలో టీవీ కొందామని వెళ్తే, షాపులో అమ్మాయి "దీనికి వెనకాల లైటుండదు మేడమ్, లోపలున్న ఆర్గానిక్ మెటీరియలే వెలుగుతుంది" అని నాకు పాఠం చెప్పింది. బుద్ధిగా విన్నాను. డెబ్బైల చివర్లో ఇదే ఊళ్లో, ఉప్పుగాలికి తాళాలు కూడా తుప్పుపట్టే ప్రయోగశాలలో, వెలిగే అణువుని కాగితం మీద గీసి మరీ తయారుచేసినదాన్నని చెబితే మాత్రం ధర తగ్గిస్తుందా ఏం!

మా రీసెర్చి గైడుగారు గోదావరి జిల్లా మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఆకులు మరిగించి వాటిలో ఏముందో తేల్చే పని అప్పగించారు నాకు. నాకేమో లేజర్లలో వాడే రంగుల మీద మోజు. అణువుకి ఒక మూల రెక్కల్లాంటివుంటాయి. అవి ఊగుతుంటే, తాగిన వెలుగంతా ఆ ఊగులాటకే ఖర్చయిపోతుంది. వాటిని కదలకుండా బిగించేస్తే వెలుగు బయటికి రాక తప్పదు, అదీ ఆకుపచ్చగా వస్తుంది. ఇదీ నా లెక్క. "ఒక్కసారి చెయ్యి. వెలక్కపోతే మళ్ళీ ఆకులే" అన్నారాయన.

చేశాను. కిటికీలు మూసి, ఫ్లాస్కుని అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా జిగేల్మంది. గైడుగారి మొహం వెలిగిపోయింది, టీలు తెమ్మన్నారు. నేను మాత్రం "ఇది నాది కాదండీ" అన్నాను. పక్క బల్ల మీద పనిచేసే భీమిలి మిత్రుడు నా చెయ్యి గిల్లాడు. "ఎలిగింది కదమ్మా! నీలమైతేటి, పచ్చయితేటి?" నేను వినలేదు. కడిగిన ఖాళీ ఫ్లాస్కులో ఆల్కహాలు పోసి అదే దీపం కింద పెట్టాను. అదే నీలం! బట్టలు తళతళలాడ్డానికి సబ్బుపొడిలో కలిపే మందు గాజుకి అంటుకుని వెలుగుతోంది. మా గాజుసామానంతా ఆ పొడితోనే తోమేవాళ్లం మరి. ఫ్లాస్కులోకి తేమ చేరి నా అణువు అసలు తయారే కాలేదు.

"నోరు మూసుకునుంటే పోయేదేటి తల్లీ!" అని మిత్రుడు తల పట్టుకున్నాడు. ఇక జీవితమంతా ఆకులే అనుకున్నాను. గైడుగారు దీపం ఆర్పి, "పచ్చగానే రావాలని ఇంత ఖాయంగా తెలిసినదాన్ని ఆకుల దగ్గరికెలా పంపను? మళ్ళీ చెయ్యి" అన్నారు.

ఈసారి అన్నీ పొడిగా ఆరబెట్టి చేశాను. పచ్చగా వచ్చింది, నేను గీసిన పచ్చ. కేకేశాను కూడా. కిటికీలో పెట్టుకున్న ఆ సీసా ఏడాది తిరక్కుండానే ఎండకి వెలిసిపోయింది. కాలం ఎంత వెలుగునైనా వెలవెలబోయేలా చేస్తుంది గానీ, నాది కానిదాన్ని కాదన్న ఆ పూటకి ఇన్నేళ్లయినా ఇంకా రంగు తగ్గలేదు.