కాలిపోయిన గది నుంచి వచ్చిన కాపీ

దయ్యాలంటే నాకు నవ్వే. చిన్నప్పుడు మా అవ్వ కథలు చెబుతుంటే అడ్డు ప్రశ్నలు వేసి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది ఇంకొకరు చెబితే నేనూ నమ్మను. కానీ ఇది నా బల్ల మీదే జరిగింది.

తొంభైలలో నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. ఫ్యాక్టరీ ఏమో బోధన్ వైపు. అక్కడ బీరువా అంత కంప్యూటర్‌లో రైతుల చెరుకు కోత వంతులన్నీ ఉండేవి. అది పాడైతే గతేమిటని, రోజూ మధ్యాహ్నం టెలిఫోన్ లైను మీద దాని కాపీ మా ఆఫీసు మిషన్‌కు పంపేవారు.

పంపేది దేవదానం అన్న. పని కాగానే నాకు ఫోను రెండుసార్లు మోగించి పెట్టేసేవాడు. అందిందని చెప్పడానికి నేను తిరిగి ఒక్కసారి మోగించాలి. ఎత్తితే బిల్లు పడుతుందని మేమిద్దరం పెట్టుకున్న పద్ధతి అది.

ఆ ఏడు రెంజల్ దగ్గర మా బాపు చెరుకు పూత పట్టి నిలబడింది. ఇంకా ఆలస్యమైతే ఎండి బెండైపోతుంది. బాపుకు అదే బెంగ.

"బిడ్డా, ఆ డబ్బల నా పేరున్నదా? సక్కగ సూసినవా?" అని రోజూ అడిగేవాడు.

ఆ వారమే కొత్త వంతులు ఎక్కిస్తున్నారు. మా ఖర్మకు లైను చెడిపోయి వారమంతా కాపీ రాలేదు. బాపుకు ఏం చెప్పాలో తెలియక తప్పించుకు తిరిగాను.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీశానో లేదో, కాపీ రావడం మొదలైంది. లైను బాగైందనుకున్నాను. కాసేపటికి ఫోను రెండుసార్లు మోగి ఆగింది. నేను ఫ్యాక్టరీకి కలిపి ఒక్కసారి మోగించి పెట్టేశాను. తెరిచి చూస్తే బాపు పేరూ వంతూ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం దేవదానం అన్న బస్సు దిగి ఆఫీసుకొచ్చాడు. చొక్కా నిండా మసి.

"పొద్దుగాల్నే కంప్యూటర్ రూము కాలిపోయింది చెల్లె. ఫోన్ గూడ కాలింది. కొత్త వంతులన్ని పోయినయ్, మీ బాపుది గూడ. చెప్పనీకి నోరొస్తలేదు."

"మరి మధ్యాహ్నం కాపీ ఎవరు పంపిండ్రన్నా?"

"ఎవలు పంపుతరు? మిషనే లేకపాయె!"

చూపించాను. ఆయన తెర మీదికి వంగి చివరి వరుస దగ్గర ఆగిపోయాడు. అందులో రైతు పేరుంది, ఊరు ఖాళీ.

"పేరు కొట్టిన. ఊరు కొడదామంటె పొగొచ్చింది, లేచి ఉరికిన" అన్నాడు. సగం కొట్టిన వరుసను ఆ మిషన్ దాచుకోదు. తెర మీద ఉండి అక్కడే పోతుంది. "యేసయ్యా" అంటూ కూలబడ్డాడు.

నేను ఊరుకోలేదు. లైన్‌మన్‌ని అడిగితే ఆ లైను వారంగా చచ్చే ఉందన్నాడు. కాపీ ఎప్పుడో ముందే వచ్చి ఉంటుందని, మధ్యాహ్నం అని చూపిస్తున్న మా మిషన్ గడియారమే తప్పై ఉంటుందని మా ఇంజినీరు కొట్టిపారేశాడు. గడియారం తప్పు కావచ్చు, నేను అప్పుడు తింటున్న అన్నం తప్పెలా అవుతుంది?

ఆ కాపీని బట్టే వంతులు నడిచాయి. బాపు చెరుకు ఎండకముందే బండెక్కింది. జరిగిందంతా చెబితే ఆయనకు వింతే అనిపించలేదు.

"నా పేరైతె ఉన్నది గద బిడ్డా, ఎవలు పంపితేంది?"

నాకు అట్లా సరిపోదు. ఇన్నేళ్లయినా తెలుసుకోవాలనే ఉంది. ఎవరు పంపారన్నది అలా ఉంచండి. నేను తిరిగి మోగించినప్పుడు అటువైపు ఫోను మోగడం ఈ చెవులతో విన్నాను. కాలిపోయిన ఆ గదిలో అది ఎవరికి వినిపించింది?