లావా మీద గుమ్మడి వడియాలు

ఆ రోజుల్లో ఎవరైనా "నీ వల్ల కాదు" అంటే చాలు, ఆ పని ఏమిటో కనుక్కోకుండానే చేసి చూపిస్తానని ఒప్పేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ జబ్బు కొంత తగ్గింది, ముందు పని ఏమిటో అడుగుతున్నాను. అమ్మ నన్ను జగమొండి అని పిలిచేది. (మన ఇంట్లో ఆ బిరుదుకి ఇంకా పాత హక్కుదారు ఒకరున్నారని నాన్న హాల్లోంచి మెల్లగా అనేవారు, వంటింట్లోకి వినపడనంత మెల్లగా.) చిన్నప్పుడే గుంటూరు నుంచి అమెరికా వచ్చి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పెరిగాను. నాతో పెరిగిన మన పిల్లలందరూ సాఫ్ట్‌వేర్ అంటూ రెడ్‌మండ్‌కో హెర్న్‌డన్‌కో వెళితే, నేను లెక్కల టీచరు ఉద్యోగం చూసుకుని హవాయిలోని హిలోలో వచ్చి పడ్డాను. సముద్రంలోంచి అగ్నిపర్వతాలు వరసగా లేచి కట్టిన దీవులు అవి. వాటిలో మా దీవి అన్నిటికన్నా పెద్దది, ఇంకా కట్టడం పూర్తికానిది. కొండ పొంగినప్పుడల్లా అంచున కాస్త కొత్త నేల కలుస్తుంది. "నేల కూడా సరిగ్గా ఆరని చోటికి ఆడపిల్ల ఒక్కతే వెళ్ళడం ఏంటి?" అని అమ్మ ఫోన్‌లో అడిగేది. అడిగినకొద్దీ నాకు ఆ నేల మీద ఇష్టం పెరిగేది.

నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో వాన కురవదు, కాపురం ఉంటుంది. మా పేటకి కార్పొరేషన్ నీళ్ళు లేవు. ఇంటి రేకుల మీద పడిన వానే గొట్టంలోంచి పెద్ద ట్యాంకులోకి దిగి, వడపోసుకుని, కుళాయిలో వస్తుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు ఒకే గడ్డ. తోలు చెప్పులు వారం వాడకపోతే పచ్చటి బొచ్చు మొలుస్తుంది. చేరిన కొత్తలో ఒకరోజు క్లాసులో భిన్నాలు చెబుతుంటే నేల కదిలింది. నేను సుద్దముక్కతో సహా బల్ల కింద దూరాను. పిల్లల్లో ఒక్కరూ తలెత్తలేదు. ముందు బెంచీ అమ్మాయి మాత్రం వంగి, నా మొహంలోకి చూసి, "మిస్, ఇది చిన్నదే. హోమ్‌వర్క్ ఉందా లేదా?" అని అడిగింది. ఆ పిల్లల్లో కొందరి ఇళ్ళు లావా కింద పోయాయి. అది చల్లారాక దాని మీదే దారి వేసుకుని, దాని మీదే మళ్ళీ ఇల్లు కట్టుకున్నారు. నల్లటి రాతి పగుల్లోంచి ముందుగా ఒక మొండి చెట్టు లేచి ఎర్రటి పూలు పూస్తుంది, వీళ్ళు దాని పక్కనే తలుపు పెట్టుకుంటారు. అది చూసిన రోజు, ఇది నా ఊరే అనిపించింది. అంతకుముందు ఏ ఊళ్ళోనూ నాకు అలా అనిపించలేదు.

రెండో ఏడాది వసంత సెలవులు అయ్యేలోగా, వచ్చే ఏడాది కూడా ఉంటానో లేదో స్కూల్లో చెప్పాలి. ఆ సంగతి నాన్న నోరు జారి చెప్పినట్టున్నారు, సెలవులు మొదలైన రోజే అమ్మ హిలోలో దిగింది. రెండు పెద్ద సూట్‌కేసులు. ఒకటి ఎత్తబోతే నడుం పట్టేసింది. అందులో ఆవిడ బట్టలు, ఆవకాయ, మినప్పప్పు ఉన్నాయి. రెండోది బరువుందనుకుని బలంగా లాగి వెనక్కి తూలాను.

"ఇదేంటమ్మా, ఖాళీగా ఉంది?"

"నీ సామాను పట్టడానికి. నాన్న ఫ్రెండ్ వాళ్ళ కంపెనీలో టెస్టింగ్ జాబ్ ఉంది. మాట్లాడేశాం. జూన్‌లో జాయినవ్వడమే."

"నన్నడగలేదే?"

"అడిగితే వద్దంటావని తెలుసుగా."

ఇంటికొచ్చాక అమ్మ అప్పడాలు వేయించింది. పొయ్యి దగ్గర్నుంచి బల్ల దాకా వచ్చేసరికి అవి మెత్తబడి కంచం అంచు మీంచి వేలాడాయి. అమ్మకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. చెమ్మ పట్టిన దిండు వాసన చూసింది, గోడ మూల బూజు చూసింది, కిటికీలోంచి వాన చూసింది.

"అప్పడం నిలవని ఊరు, వడియం ఎండని ఊరు. ఇక్కడ మనిషెలా బతుకుతాడే?"

"ఎండదని ఎవరన్నారు?"

"నేనంటున్నా."

"ఎండబెట్టి చూపిస్తా."

"నేను వెళ్ళేలోపు ఎండితే ఇంక ఈ మాట ఎత్తను. ఎండకపోతే నాతోపాటు నీకూ టికెట్ బుక్ చేస్తా. సరేనా?"

"సరే."

(అప్పటిదాకా జీవితంలో నేను ఒక్క వడియమైనా పెట్టలేదని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.)

మర్నాడు సంతలో బూడిద గుమ్మడికాయ దొరికింది. మినప్పప్పు అమ్మ తెచ్చిందే. అంటే తనని ఓడించే సరుకు ఆవిడే మోసుకొచ్చి ఇచ్చిందన్నమాట. "నేను వేలు కూడా పెట్టను, పందెం నీది" అని కుర్చీలో కూర్చుంది. నేను గుమ్మడికాయ కోసిన తీరు రెండు నిమిషాలు ఓపిగ్గా చూసి, లేచొచ్చి చాకు లాక్కుంది. ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి బట్టలో మూట కట్టి, నీరు కారడానికి బరువు పెట్టమంది. రాళ్ళకేం తక్కువ, పెరట్లోంచి ఒక నల్లరాయి తెచ్చి కడుగుతుంటే కింది వాటాలో ఉండే ఇంటావిడ చూసింది. డెబ్బై దాటిన ఆవిణ్ణి ఊరంతా ఆంటీ అంటారు. ఆ దీవుల్లో కూడా పెద్దవాళ్ళందరూ ఆంటీలూ అంకుళ్ళే, ఆ విషయంలో నాకు ఫ్రిస్కోకీ హిలోకీ తేడా తెలియలేదు. "పని అయ్యాక ఆ రాయి ఎక్కడ తీశావో అక్కడే పెట్టు. దాని చోటు దానికి ఉంటుంది" అంది ఇంగ్లీషులో. అమ్మ తలూపి, "ఈవిడకి పద్ధతి తెలుసు" అని నాతో తెలుగులో మెచ్చుకుంది. పప్పు నా స్మూతీ మిక్సీలో రుబ్బాం. మిక్సీలోంచి పొగ వచ్చింది. ఆ ఊళ్ళో పొగ వస్తే ముందు అందరూ కొండ వైపే చూస్తారు కాబట్టి నన్నెవరూ అనుమానించలేదు.

తెల్లారి ఎండ కాసింది. అమ్మ పాత నూలు చీర తడిపి వరండాలో పరిచి, చిన్న చిన్న వడియాలు పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని విజయగర్వంతో నిలబడ్డాను. లోపలికెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చేలోగా వాన వరండాలోకి ఏటవాలుగా కొట్టి, వడియాలన్నిటినీ కలిపి మళ్ళీ పిండి చేసింది. అది చీర అంచు మీంచి మెల్లగా మెట్లు దిగింది. అమ్మ నా చేతిలో కప్పు అందుకుంది. కాఫీ తాగింది. తిట్టినా బాగుండేది. ఒక్కో గుక్కలో ఫ్రిస్కో టికెట్ బుక్ అయిపోతున్న చప్పుడు వినిపించి నాకు ఏడుపొచ్చింది. పంతంతో వచ్చిన ఏడుపు వేరు, అది నాకు అలవాటే. ఇది భయంతో వచ్చింది. ఆ ముందు బెంచీ పిల్లని, ఆ ఎర్రపూల చెట్లని, నావి అనుకున్నవన్నిటినీ, ఒక సూట్‌కేసులో ఎలా పట్టిస్తారు?

కిందినుంచి ఆంటీ మెట్ల మీది పిండి చూసి, "ఎండ కావాలంటే హిలోలో ఎందుకు వెతుకుతావు? అవతలి పక్కకి వెళ్ళు" అంది, ఎవరో ఉప్పు అడిగితే పక్క షాపు చూపించినట్టు. మా దీవికి ఆ గుణం ఉంది. తూర్పున వాన, మధ్యలో రెండు పెద్ద కొండలు, ఆ కొండలు దాటితే పడమటన కోనా వైపు నిప్పులు చెరిగే ఎండ. కానీ పిండి అయిపోయింది కదా అని నేను కూలబడితే అమ్మ ఫ్రిజ్ వైపు చూపించింది.

"సగం అందులో పెట్టా. ఉన్న పిండంతా ఒక్కసారే పెట్టేస్తారా ఎవరైనా?"

పందెం వేసినావిడ ప్రత్యర్థికి పిండి ఎందుకు దాచిందో అప్పుడు నాకు తట్టలేదు. గిన్నె, చీర, అమ్మ, ఆవిడ నల్ల గొడుగు, అన్నిటినీ కార్‌లో ఎక్కించి కొండల మధ్య రోడ్డు మీదుగా డ్రైవ్ చేశాను. పైకి వెళ్ళేసరికి మంచు పొగ కమ్మింది, చలికి అమ్మ కొంగు కప్పుకుంది. రోడ్డుకి రెండు పక్కలా కనుచూపు మేర నల్లటి లావా, దున్ని వదిలేసిన రేగడి నేల గడ్డకట్టినట్టు.

"ఇదంతా కాలిపోయిందా?"

"కాలలేదమ్మా, పుట్టింది. ఇక్కడ కొన్నిచోట్ల నేల నీకంటే చిన్నది."

"అయితే నాకు మర్యాద ఇవ్వమను" అని అమ్మ కిటికీ వైపు తిరిగింది. దిగువకి వచ్చేసరికి పసుపు గడ్డి, నీలం సముద్రం, మొహం మీద చరిచినట్టు ఎండ. అమ్మ చెయ్యి బయటపెట్టి చూసి మళ్ళీ లోపలికి తీసుకుంది. "బానే ఉంది" అంది, ఇష్టం లేనట్టు.

సముద్రం ఒడ్డున చదునైన లావా రాయి ఒకటి దొరికింది, పెనంలా కాలుతోంది. దాని మీద చీర పరిచి వడియాలు పెట్టాం. (పందెం నాదే, కానీ వడియాలు గుండ్రంగా రావడం లేదని సగం అమ్మే పెట్టింది.) అటుగా వచ్చిన టూరిస్టు జంట ఒకటి ఆగి, గొంతు తగ్గించి, ఇది అగ్నిపర్వతానికి నైవేద్యమా అని అడిగారు. నేను అమ్మకి చెప్పాను. "కాదు, పప్పుచారులోకి అని చెప్పు" అంది అమ్మ. అలాగే చెప్పాను. వాళ్ళు అయినా చేతులు జోడించే వెళ్ళారు.

నేను మంచినీళ్ళు కొనుక్కు రావడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కనిపించిన దృశ్యం ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కదులుతుంది. ఆ వైపు రాళ్ళలో అడవి మేకలు మందలుగా తిరుగుతాయని నాకు తెలియదు. ఒక గడ్డం మేక ముందు నిలబడింది, వెనక దాని బలగం. ఎదురుగా అమ్మ, కొంగు నడుముకి దోపి, నల్ల గొడుగు టపటపా తెరుస్తూ మూస్తూ. "పో. పొమ్మంటుంటే. నీకు ఇక్కడ గడ్డి లేదా, నా గుమ్మడి వడియాలే కావాల్సొచ్చాయా?" అని అచ్చమైన గుంటూరు గొంతుతో కేకలు. గడ్డం మేక ఒక అడుగు వేసింది. అమ్మ రెండు వేసింది. మేకకి తెలుగు అర్థమైందో, మనిషి అర్థమైందో, కాసేపు చూసి మంద తిప్పుకుని వెళ్ళిపోయింది. పక్కనెవరో చప్పట్లు కొట్టారు. అమ్మ వాళ్ళనీ గొడుగుతో అవతలికి పొమ్మంది, వాళ్ళ నీడ వడియాల మీద పడుతోందట.

నీళ్ళ సీసా ఇస్తూ నవ్వాపుకోలేక అడిగాను. "అమ్మా, అవి తినేసి ఉంటే నువ్వే గెలిచేదానివి కదా?"

అమ్మ గొడుగు పట్టుకుని అలాగే ఒక్క క్షణం ఆగింది. ఆ సంగతి ఆవిడకి నిజంగానే అప్పుడే తట్టింది. తర్వాత నాకేసి చాలా కోపంగా చూసింది.

"పందెం సంగతి ఇంట్లో చూసుకుందాం. పెట్టిన వడియాలు మేకలకి వదిలేసి చూస్తూ కూచుంటానా నేను?"

పొద్దు వాలేదాకా ఆ రాయి దగ్గర్నుంచి కదల్లేదు. రాత్రికి అక్కడే ఒక చిన్న గది తీసుకున్నాం. చీరని వడియాలతో సహా రెండో మంచం మీద పడుకోబెట్టి, మేమిద్దరం ఒక మంచం మీద సర్దుకున్నాం. రెండో రోజు సాయంత్రం అమ్మ చీర తిరగేసి వెనక నీళ్ళు చిలకరించి, వడియాలు ఒలిచి, ఒకటి చెవి దగ్గర పెట్టుకుని గోరుతో తట్టింది. టక్కుమంది. అమ్మ సముద్రాన్ని చూస్తూ, "మన దగ్గర ఇంకో రోజు పట్టేది" అంది. అంతే. ఓడిపోయాను అనడం మా వంశంలో ఎవరికీ రాదు, నాకు రానిది ఆవిడకి మాత్రం ఎలా వస్తుంది? హిలోకి వచ్చాక వేయించి కింది ఆంటీకి పెట్టాం. నల్లరాయి దాని చోటికి చేర్చాం. మర్నాడు స్కూలుకి వెళ్ళి, వచ్చే ఏడాదీ ఉంటానని చెప్పేసి వచ్చాను. అమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం పప్పుచారులో నాకు మాత్రం రెండు గరిటెల వడియాలు ఎక్కువ పడ్డాయి.

వెళ్ళే రోజు అమ్మ ఒకే సూట్‌కేసు బయటికి తెచ్చింది. ఖాళీది నా మంచం కింద తోసేసింది. "ఉండనీ. బట్టలకి బూజు పట్టకుండా అందులో పెట్టుకో" అంది. ఎయిర్‌పోర్ట్‌లో దీవి నుంచి బయటికి వెళ్ళే సామాను అంతా తనిఖీ చేస్తారు, పండ్లూ మొక్కలూ దాటిపోకుండా. అక్కడి ఆఫీసరు వడియాల సంచీ పైకెత్తి, వాసన చూసి, ఆలోచించి, ఎండినవే కదా అని వదిలేశాడు. తర్వాత మామూలుగా అడిగాడు, ఈ దీవి నుంచి ఇంకేమైనా తీసుకెళుతున్నారా అని. అమ్మ నావైపు తిరిగి, తెలుగులో, ఎంతో తీరిగ్గా జవాబు చెప్పింది.

"తీసుకెళదామనే వచ్చాను. కదల్లేదు."

ఆ మాట నేను ఆయనకి ఇంగ్లీషులోకి మార్చలేదు. "నో" అని తల అడ్డంగా ఊపాను.

ఇది జరిగి చాలా ఏళ్ళైంది. నేనింకా హిలోలోనే ఉన్నాను. ఆ ముందు బెంచీ అమ్మాయి ఇప్పుడు మా స్కూల్లోనే సైన్స్ చెబుతోంది, నేల కదిలినప్పుడు నేను ఇంకా బల్ల వైపు చూస్తానని స్టాఫ్ రూములో అందరికీ చెప్పి నవ్విస్తోంది. ఫ్రిస్కోలో భోజనానికి ఎవరొచ్చినా అమ్మ వడియాలు వడ్డిస్తూ, "ఇవి టెక్సాస్ ఎండవి కావు, మా అమ్మాయి ఊరి ఎండవి" అంటుందని నాన్న చెబుతారు. ఏటా వసంత సెలవులకి ఆవిడ మినప్పప్పుతో దిగుతుంది, మేమిద్దరం కొండ దాటి ఆ రాయి దగ్గరికే వెళతాం. మొన్న వెళ్ళినప్పుడు గడ్డం మేక ఒకటి (ఆ పాతదాని మనవడై ఉండాలి) దూరం నుంచి చూసింది. అమ్మ కూర్చున్న చోటు నుంచే గొడుగు నాకు అందించింది. నాలోని ఆ పాత పంతాల పిల్ల ఎప్పుడో అలసిపోయి పడుకుందనుకున్నాను కానీ, గొడుగు చేతిలోకి రాగానే కొంగు నడుముకి దోపుకుంది.