నీలం రంగుకు నూటికి నూరు

కట్టుకున్న భార్యను పరీక్షలో నెగ్గించి, ఆ నెగ్గుడుతోనే ఆమె కొంప ముంచిన ఘనుణ్ని నేను. ఆ పరీక్ష ఏదో కాదు, ఒంటేలు పరీక్ష. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టండి, తరువాత తీరిక దొరకదు.

ఎనభైల నాటి మాట. పాల్వంచలో ఒక కంపెనీ స్టోరులో కాటా దగ్గర నా కొలువు. తొమ్మిదో తరగతి తప్పినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కనబడిందల్లా లెక్కపెట్టడం నా జబ్బు. నా పెళ్లిపీటల మీద కూడా, దండలో బంతిపూలు ఎన్నో పురోహితుడికి చెప్పి మంత్రం మరిచిపోయేలా చేశాను.

నా భార్య లలితకు షుగరు. కంపెనీ దవాఖానాలో దీర్ఘరోగుల జాబితా అని ఒకటుండేది. అందులో పేరుంటే నెలనెలా గోలీలు ఉచితం, ఏడాదికోసారి ఖమ్మంలో పెద్ద డాక్టరు దగ్గర కళ్లూ కాళ్లూ చూపిస్తారు. ఆ ఏడు లలిత ఎడమకంటి ముందు దోమలాంటి మచ్చ ఒకటి తిరుగుతోంది. ఖమ్మం ఎప్పుడు పంపిస్తారా అని ఆమె ఎదురుచూస్తోంది.

జాబితాను ఏటా తిరగరాసేవారు. వారం రోజులు గోలీలు ఆపి, రోజూ తినేదే తిని, ఒంటేలు పరీక్షకు రావాలి. ల్యాబులో యాకూబ్ భాయ్ గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల ఒంటేలు కలిపి, దీపం మీద మరిగిస్తాడు. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు.

పరీక్ష అన్న మాట చెవిన పడగానే నేను తప్పిన తొమ్మిదో తరగతి నాలో లేచి కూర్చుంది. నీలానికి నూటికి నూరు, ఆకుపచ్చకు డెబ్బై అయిదు, ఇటుక ఎరుపుకు సున్నా అంటూ గోడమీద సుద్దతో రాసిపెట్టాను.

"మామూలుగ తినమన్నది గద డాక్టరమ్మ," అంది లలిత.

"అది మామూలు మనుషులకు."

ఆ వారం నాకిప్పటికీ కలలాగే గుర్తు. వేకువనే కిన్నెరసాని దారి పట్టేవాళ్లం. ఇప్పపూలు రాలే కాలం. చెట్లు సగం మసకలో, సగం తమ వాసనలోనే నిలబడి ఉండేవి. పూలు ఒక్కటొక్కటే టప్పు టప్పున ఎండుటాకుల మీద పడేవి. ముందు లలిత, వెనక నేను అడుగులు లెక్కపెడుతూ. నాలుగు వేలు దాటేసరికి పూల చప్పుడు నా లెక్కలో కలిసిపోయేది. అడుగేదో పువ్వేదో తెలిసేది కాదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ని. అంటే, ఆమె మళ్లీ నడిచేది.

"ఈ దోమ గూడ మనతోనే వస్తున్నది. దీన్ని గూడ లెక్కవెట్టు," అనేది, కన్ను నులుముకుంటూ.

ఇంట్లో ఆమెకు అరచేతంత జొన్నరొట్టె, కాకరకాయ. ఆమె పళ్లెంలోంచి నేను తీసేసిన అన్నం పారేయడం ఇష్టంలేక నేనే తినేవాణ్ని. ఎందుకో నాకు దాహం కూడా ఎక్కువే, దారిలో సొరకాయ బుర్రెడు నీళ్లు నేనొక్కణ్నే తాగేసేవాణ్ని. స్టోరు కాటా మీద నా బరువు ఏడాదిలో ఆరు కిలోలు తగ్గింది. కష్టం చేసే ఒంటి మహిమ అని చిట్టీ రాసి జేబులో పెట్టుకున్నాను.

పరీక్ష రోజు గొట్టం మరిగింది. వాన వెలిసిన ఆకాశంలాగా అదే నీలం. నేను చప్పట్లు కొట్టాను. డాక్టరమ్మ కాగితం చూసి, "గోలీలు లేకుండానే బావుందండీ. ఇక మందు అక్కర్లేదు, పేరు తీసేస్తున్నాను," అంది.

బయట బల్లమీద లలిత కుడికన్ను అరచేత్తో మూసుకుని, మిగిలిన కంటితో నన్ను చూసింది.

"మరి ఖమ్మం?"



వెంటనే లోపలికి వెళ్లి జొన్నరొట్టె మొదలు ఇప్పపూల దాకా అంతా ఒప్పుకున్నాను. డాక్టరమ్మ కలం కింద పెట్టి, "పరీక్ష ఆవిడకండీ, మీక్కాదు. వారం ఆగి తీసుకురండి. ఈసారి మీరేమీ చెయ్యకండి," అంది.

ఏమీ చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదు. నారింజ రంగు రావాలంటే ఎన్ని జిలేబీలు పడతాయో గుణించి, రెండు పొట్లాలు పట్టుకొచ్చాను. లలిత తడిగుడ్డతో గోడమీది మార్కులు తుడుస్తోంది.

"ఏందయ్యా నువ్వు. నా ఒంటి లెక్క నా పెయ్యికి తెలుసు. నువ్వు గమ్మునుండు."

గమ్మునుండి, ఆ జిలేబీలన్నీ నేనే తిన్నాను.

ఆమె మామూలుగా తిని మామూలుగా వెళ్లింది. శుభ్రమైన నారింజ. పేరు మళ్లీ జాబితాకెక్కింది. సంతోషించి ఇంటికి రావలసిందిపోయి, పోయిన నీలం మీద నాకు బెంగ పుట్టింది.

"యాకూబ్ భాయ్, అసలు నీలమంటే ఎట్లుంటదో నేను చూపిస్త. నాది పెట్టు."

పెట్టాడు. దీపం మీద గొట్టం మెల్లగా కలగంటున్నట్టు రంగులు మార్చింది. ఆకుపచ్చ. పసుపు. నారింజ. అక్కడైనా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. యాకూబ్ భాయ్ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"అన్నా, దీంతోని ఇల్లు కట్టుకోవచ్చు."

జేబులోని ఆరు కిలోల చిట్టీ బరువు అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ లలిత పేరు కింద నా పేరు రాసింది. ఇద్దరం ఒకే బస్సులో ఖమ్మం వెళ్లాం. పెద్ద డాక్టరు ఆమె కంట్లో దీపం వేసి చూసి, ఇంకొన్నాళ్లు ఆగితే చెయ్యి దాటేదన్నాడు. ఆ మాట విన్నాక దారి పొడుగునా నేను ఒక్క చెట్టునూ లెక్కపెట్టలేదు.

మర్నాటి వేకువ నుంచి ముందు నేను, వెనక లలిత నా అడుగులు లెక్కపెడుతూ. "రెండు వేల పన్నెండు... పూలదిక్కు చూడకు. లెక్క తప్పిందంటే మళ్ల ఒకటి నుంచి."

కిన్నెరసాని నీళ్ల సాక్షిగా, రాలిన ప్రతి ఇప్పపువ్వు సాక్షిగా ఇదే నా ప్రమాణం: బొందిలో ప్రాణమున్నంతవరకు ఏ ఒంటేలు పరీక్షకూ చదవను, ఎవరినీ చదివించను. వచ్చిన రంగు ఏదైనా, కిక్కురుమనకుండా ఒప్పుకుంటాను.