చంద్రకళ నమ్మిన జన్యువు

చింతాద్రిపేటలో తాతల కాలం నుంచీ ఉన్న తెలుగు కుటుంబం చంద్రకళది. తరమణి వైపు ఒక ల్యాబ్‌లో పదకొండేళ్లుగా టెక్నీషియన్. వాళ్లమ్మ కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగి చనిపోయింది. అదే జబ్బు తమ్ముడు సూర్యకు వచ్చింది. చంద్రకళకు రాలేదు.

ల్యాబ్‌లో పనీ ఆ జబ్బు మీదే. మనిషి జన్యువుల్ని ఒక్కొక్కటిగా పని చేయకుండా ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు వేల రకాలు తెప్పించారు. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో ఒక్కో గుంటకు ఒక్కో జన్యువు. దాన్ని ఆపే ముక్కలు నాలుగు కలిపి ఉంటాయి. వాటి మీద జబ్బు కణాల్ని పెంచి, ఎక్కడ తిత్తి కట్టలేదో చూడాలి. రెండేళ్లు చూసింది. ఒకరోజు ఒక గుంటలో తిత్తి కనబడలేదు. మళ్లీ వేసింది. మళ్లీ లేదు. ఆ జన్యువును ఆపితే జబ్బు ఆగుతుందనుకుంది.

ఆ సాయంత్రం ఆగలేక సూర్యకు చెప్పేసింది.

అప్పటికి అతను డయాలసిస్ మీద ఉన్నాడు. అక్క కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది, ఆపరేషన్‌కు తేదీ కూడా అనుకున్నారు.

"వద్దక్కా," అన్నాడు సూర్య. "నువ్వే కనుక్కున్నావు కదా. మందొచ్చేదాకా ఇట్టే ఉంటా. నిన్ను కోయించి నేను బతకాల్నా?"

"మందు రావాలంటే ఏళ్లు పడతాది రా."

"పడనీ పా."

పాడైపోయిన కిడ్నీలను ఏ మందూ బాగుచేయలేదని ఆమెకు తెలుసు. అయినా గట్టిగా వాదించలేదు, ఆపరేషన్ తేదీ దాటిపోయింది. కత్తికి భయపడిందో, ఆ గుంటను తనూ నమ్మిందో, ఈరోజుకీ ఆమెకే తెలీదు.

ల్యాబ్ పెద్ద డాక్టర్ రంజని ఆ నాలుగు ముక్కల్నీ విడివిడిగా వేయమంది. నిజంగా ఆ జన్యువే కారణమైతే కనీసం రెండు మూడైనా అదే ఫలితం చూపాలి. ఒక్కటే చూపింది. అది కూడా పొరపాటున వేరే జన్యువుల్ని ఆపినందువల్ల. కొత్త ముక్కలు తెప్పించి వేసినా తిత్తులు గుండ్రంగా, నిండుగా పెరుగుతూనే వచ్చాయి.

"ఇది కాదు చంద్రకళా. లిస్టులోంచి తీసేయండి," అంది రంజని.

ఆ వారమే సూర్యకు డయాలసిస్ సూది గుచ్చే చోట చీము పట్టి, ఇన్‌ఫెక్షన్ గుండెకు పాకింది. ఇక ఆపరేషన్‌ను తట్టుకోలేడన్నారు డాక్టర్లు. "అప్పుడే చేసుంటే..." అని ఒకాయన మధ్యలో ఆగిపోయాడు.

వార్డులో సూర్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ జీన్ ఏమైందక్కా?"

"చూస్తా ఉండాము రా."

"దొరికింది కదా, అది చాలు," అని కళ్లు మూసుకున్నాడు.

ఆసుపత్రిలో చేరిన పదహారో రోజున పోయాడు. ధైర్యంగా, ఆశతో పోయాడని చుట్టాలు ఆమెను ఓదార్చబోయారు. అబద్ధం చెప్పి పంపించానని ఎవరితోనూ అనలేదు. కర్మలు అయిన మర్నాడు ల్యాబ్‌కు వెళ్లి, గ్లౌజులు తొడుక్కుని, మధ్యాహ్నం దాకా ఖాళీ ప్లేటు ముందు కూర్చుంది.